బహుళ తరగతి బోధన

బహుళ తరగతి బోధన అనగా రెండు లేక అంతకంటే ఎక్కువ తరగతులకు చెందిన, వేర్వేరు వయస్సులు, సామర్థ్యాలు గల పిల్లలకు ఒకే ఉపాధ్యాయుడు ఒకే సమయంలో బోధించడం. ఏకోపాధ్యాయ పాఠశాలలలో ఇది అనివార్యం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులను నిర్దేశించింది. కనుక అయిదు తరగతుల చిన్న బడిలో పోస్టులన్నీ భర్తీ అయినప్పటికీ ఒక్కొక్కరు రెండు మూడు తరగతులను చూడవలసినదే.

చరిత్ర

పూర్వపు వీధిబడులలో తరగతి విభజన ఉండేది కాదు. ఒకే పంతులు అన్ని వయస్సుల పిల్లలకు చదువు చెప్పేవాడు. పెద్ద పిల్లలు చిన్నవారిచేత అక్షరాలు దిద్దించేవారు. 1789లో మద్రాసులోని అనాథ బాలుర శరణాలయ బాధ్యతలు చేపట్టిన ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి ఆ పద్ధతిని అనుసరించాడు. విద్యార్థులచేతనే విద్యార్థులకు బోధింపజేసే తన విధానాన్ని 1797లో లండన్‌లో ప్రచురించాడు. ఇది "మద్రాసు పద్ధతి"గా ఇంగ్లాండులో వ్యాపించింది.

సమస్య

సాధారణ పాఠ్యపుస్తకాలు తరగతికొక ఉపాధ్యాయుడు ఉంటాడనే భావనతో తయారవుతాయి. అందువలన ఒక తరగతికి పాఠం చెప్పుచుండగా మిగిలినవారు నల్లబల్లపై ఉన్నది ఎక్కించుకుంటూ కాలం గడుపుతారు. కోతల కాలంలో బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు సాగిపోయి ఉంటాయి. ఆ వెనుకబాటు క్రమంగా బడి మానివేయడానికి దారితీస్తుంది.

రిషివ్యాలీ విధానం

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల బడుల కొరకు ఒక విధానాన్ని రూపొందించారు. ఇందులో పాఠ్యాంశాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, గుర్తులు గల కార్డులపై అభ్యాసాలు ఇస్తారు. వాటి క్రమాన్ని "నిచ్చెన" పటంపై చూపుతారు. ప్రతి మైలురాయిలో పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం ఉంటాయి. అవసరమైనవారికి పునర్బోధన ఉంటుంది. పిల్లలు తరగతిని బట్టి కాక, ఉపాధ్యాయుని సహాయం ఎంత కావాలో దానిని బట్టి బృందాలుగా కూర్చుంటారు. బడి మానిన పిల్లవాడు తాను ఆగిన మెట్టు నుండే కొనసాగిస్తాడు.

వ్యాప్తి

ఈ అనుభవం ఆధారంగా 1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో "నలి-కలి" కార్యక్రమం మొదలైంది. తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలోను, తరువాత రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోను ఇటువంటి విధానం ప్రవేశపెట్టబడింది.

పరిమితులు

కార్డులు చిరిగిపోయినా, పోయినా వెంటనే మార్చకపోతే నిచ్చెన క్రమం దెబ్బతింటుంది. శిక్షణ కొరవడినచోట కార్డులు పంచడమే బోధనగా మారే ప్రమాదమున్నది. ఈ విధానం ఉపాధ్యాయుల కొరతకు ప్రత్యామ్నాయం కాదు. ఉన్న ఉపాధ్యాయుని సమయం ఎక్కువ అవసరమున్న పిల్లలకు దక్కేటట్లు చేయడమే దీని ప్రయోజనం.