రెండో పేరు: ఇంటర్నెట్‌లో ప్రత్యామ్నాయ పేర్ల వ్యవస్థలు

మన ఇళ్లలో చాలామందికి రెండు పేర్లుంటాయి. బడి పట్టికలోది ఒకటి, ఇంట్లో పిలిచేది మరొకటి. ముద్దుపేరు గడప దాటితే ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్‌కు కూడా ఇటువంటి రెండో పేర్ల చరిత్ర ఉన్నది.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించేది అంకెలతో. తొలిదశలో పేర్లకూ అంకెలకూ గల పొంతనను కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థ ఒకే జాబితాగా నిర్వహించేది. యంత్రాల సంఖ్య పెరిగి ఆ పద్ధతి భారం కావడంతో, 1983లో పాల్ మొకపెట్రిస్ అంచెలవారీ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. చెట్టువంటి ఈ నిర్మాణంలో కామ్, ఆర్గ్, ఇన్ వంటివి పెద్ద కొమ్మలు. ఏ కొమ్మ వివరాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది మూలపట్టిక. అయితే ఏ మూలపట్టికను అడగాలన్న అమరికను కంప్యూటర్ వాడేవారు మార్చుకోవచ్చు. ప్రత్యామ్నాయాలకు దారి దొరికింది ఇక్కడే.

అంతవరకు ఉచితంగా ఇచ్చిన పేర్లకు 1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ ఏడాదికి 50 డాలర్ల రుసుము విధించింది. ఆ గుత్తాధిపత్యాన్ని వ్యతిరేకించినవారిలో యూజీన్ కాష్‌ప్యూరెఫ్ ఒకడు. ఆల్టర్‌నిక్ పేరుతో వేరు మూలపట్టిక నడిపి, కొత్త కొమ్మలు చేర్చాడు. 1997 జూలైలో అధికారిక నమోదు కేంద్రమైన ఇంటర్‌నిక్‌కు వెళ్లేవారిని తన చోటికి మళ్లించాడు. 1998లో అమెరికా న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు. అతని నేరం వేరు పట్టిక నడపడం కాదు, ఇతరుల దారి మళ్లించడం.

అదే ఏడు ప్రధాన మూలపట్టిక బాధ్యతలకై ఐకాన్ సంస్థ ఏర్పడింది. 2000లో ఔత్సాహికులు ఓపెన్‌నిక్ ప్రారంభించారు. అక్కడ నిర్ణయాలు సభ్యుల ఓటుతో జరుగుతాయి. గీక్ వంటి వారి కొమ్మలు ఆ అమరిక చేసుకున్నవారికే కనిపిస్తాయి.

చిక్కు కూడా ఇందులోనే ఉన్నది. కొన్ని ప్రత్యామ్నాయ పట్టికల్లో అప్పటికే ఉన్న బిజ్ అనే కొమ్మను 2001లో ఐకాన్ అధికారికంగా చేర్చింది. ఒకే పేరు ఇద్దరిని రెండు చోట్లకు చేర్చే పరిస్థితి వచ్చింది. 2019లో హానికర ప్రోగ్రాములు బిట్ అనే కొమ్మను వాడుకొంటున్నందున ఓపెన్‌నిక్ సభ్యులు దానికి తమ సేవను ఓటుతో నిలిపివేశారు. అధికారాన్ని కాదని బయలుదేరినవారికీ కాపలా తప్పలేదు.

2011లో తెలుగు లిపిలోని ‘భారత్’ ప్రధాన మూలపట్టికలో చేరింది. సొంత పట్టికలో మన అక్షరాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కాని హోసూరులో ఒకరు తెలుగులో కొట్టిన పేరు బరంపురంలోనూ, యానాంలోనూ అదే చోటికి చేర్చాలంటే అందరూ అంగీకరించిన పట్టిక కావాలి. ఆ పట్టికలో ఏ లిపికి ఎప్పుడు చోటివ్వాలో ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నను ఆనాటి ప్రత్యామ్నాయవాదులు లేవనెత్తారు. వారి పట్టికలు చాలావరకు మూతపడినా, ఆ ప్రశ్న ఇప్పటికీ మనదే.