వరియన్నము – తాటిచెట్టు

ఒక వేసవి సెలవులలో మన సీమ రుచులు తెలిసికొనగోరి, రైలున్నను కాదని, తెనాలినుండి రేపల్లె మీదుగా బాపట్లకు కాలినడకను బయలుదేరితిని.

తొలి రెండునాళ్లును నల్లరేగడి నేల. ఏ యింట విస్తరి వేసినను తెల్లని వరియన్నము, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. మూడవనాడు బాపట్ల చేరువ నిసుకనేల తగిలినది, అచ్చట తాటితోపులు. వేకువను దింపిన కల్లు తియ్యగా నుండెను. ప్రొద్దెక్కిన కొలది పులిసి కైపెక్కును. ముంతలోపల సున్నము పూసినచో పులియదు; ఆ నీరాను కాచి బెల్లము వండుదురు.

ఈ రెంటిలో నేది మన పాత సొత్తు? వరియే యని తలంచితిని. కాని బెజవాడకడ కృష్ణ కానకట్ట 1855లో ముగిసి కాలువలు పారిన పిదపనే యీ సీమ మాగాణి యైనది. అంతకుముందు పెక్కుచోట్ల మెట్టపైరులే, వానయే దిక్కు. 1833 నాటి కరువున గుంటూరు సీమలోని యయిదు లక్షల జనములో ఇంచుమించు రెండు లక్షలు మడిసిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి.

కాలువ లేనినాడును తాడి యుండెను. నీరు పోయువాడు లేకయే ముంజెలు, తేగలు, బెల్లము నొసగెను. కల్లు మానుడను వారితో నాకు వాదు లేదు. చెట్టును మాత్రము నరకకుడు.