చలనచిత్ర పరిశ్రమ: తొలి దశ

నిశ్చలములైన ఛాయాచిత్రములను ఒకదాని వెంట నొకటిగా త్వరితగతిని చూపి కదలిక యను భ్రాంతిని కలిగించు విద్య చలనచిత్రము. అది పరిశ్రమగా రూపొందుటకు యంత్రమెంత కారణమో, జనులు ఒకచోట గుమిగూడి చూచుటకు నోచుకొన్న ప్రదర్శనశాలయు నంత కారణము. ఈ రెండవదానిని చరిత్రకారులు తగినంతగా గణింపలేదని చెప్పక తప్పదు.

మెత్తగా చుట్టుకొను సెల్యులాయిడ్ ఫిల్మును జార్జి ఈస్ట్‌మన్ 1889లో అంగడికి తెచ్చిన పిదప, ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ దానిని 35 మిల్లీమీటర్ల వెడల్పున మలచి, ఇరుప్రక్కల రంధ్రములు వేయించి, కినెటోస్కోప్ అను పెట్టెను సిద్ధపరచెను. 1894 ఏప్రిల్ 14న న్యూయార్కు నగరమున పది పెట్టెలతో ఒక దర్శనశాల వెలసెను. అయితే కంటిని రంధ్రమునకు ఆనించి ఒక్కొక్కరే చూడవలసిన ఆ పెట్టె ఎంత వింతయైనను ఏకాంత వినోదమే. లియాన్ నగరమున ఛాయాచిత్ర ఫలకముల వ్యాపారము చేయుచున్న ల్యూమియేర్ కుటుంబమువారు చిత్రమును పెట్టెనుండి వెలికి తీసి తెరమీదికి తెచ్చిరి. వారి సినిమాటోగ్రాఫ్ చిత్రమును తీయుటకును, ప్రతిని ముద్రించుటకును, తెరపై వేయుటకును ఒక్కటే సాధనము. చేతితో త్రిప్పదగినది, మోయుటకు తేలికయైనది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో ఒక కాఫీశాల నేలమాళిగలో, తలకొక ఫ్రాంకు చొప్పున చెల్లించి, ముప్పదిమందికి పైబడిన జనులు నిమిషమైన నిండని పది చిత్రములను కలసి చూచిరి. ఆరు నెలలు దాటగనే, 1896 జూలై 7న, అదే యంత్రము బొంబాయి వాట్సన్ హోటలులో వెలుగు చిమ్మెను.

1905లో పిట్స్‌బర్గు నగరమున అయిదు సెంట్ల రుసుముతో నెలకొన్న చిన్న శాల అమెరికా యంతటను వేలకొలది శాలలకు మార్గము చూపగా, నిత్యము క్రొత్త చిత్రములు కావలసివచ్చెను. అడుగుల లెక్కన అమ్ముట పోయి అద్దెకిచ్చు పద్ధతి వ్యాపించెను. 1908లో ఎడిసన్ ప్రభృతులు యంత్రహక్కులన్నిటిని ఏకముచేసి గుత్తసంస్థ నేర్పరచిరి. చికాగోలో ప్రదర్శనశాలతో ఈ వృత్తిలో ప్రవేశించిన కార్ల్ లెమ్లి వారిని ధిక్కరించి తానే చిత్రములు తీసి, 1912లో యూనివర్సల్ సంస్థకు మూలపురుషుడయ్యెను. ఆ గుత్తాధిపత్యము చట్టవిరుద్ధమని న్యాయస్థానము 1915లో తీర్పు చెప్పెను.

ప్రదర్శకుడు నిర్మాతగా పరిణమించిన ఈ క్రమమే దక్షిణ భారతమునను గోచరించును. బందరునుండి మద్రాసు చేరి ఛాయాచిత్రకారుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య, 1910 ప్రాంతమున, చిత్రమునకు తోడుగా ధ్వనిని వినిపించు క్రోనోమెగాఫోన్ యంత్రమును సంపాదించి, విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనము లిచ్చి, బర్మా, సింహళములకు సైతము దానిని మోసికొనిపోయెను. సంచార ప్రదర్శనములతో తృప్తిపడక మౌంటురోడ్డు చెంత గెయిటీ థియేటరును, అటుపిమ్మట క్రౌన్, గ్లోబు శాలలను నిర్మించెను. శాల నిలిచిన తరువాతనే, దానికి కావలసిన చిత్రమును మనమే ఏల తీయరాదను సంకల్పము పొడసూపుట సహజము. కుమారుడగు ప్రకాశును ఆ విద్య నభ్యసించుటకై విదేశములకు పంపి, అతడు తిరిగివచ్చిన పిమ్మట స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపింపగా, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూగచిత్రము వెలువడెను. కన్నకొడుకు భవిష్యత్తును సయితము ఇంకను స్థిరపడని వృత్తికి అంకితము చేసిన ఆ సాహసము, దొరకిన కీర్తికంటె మిక్కిలి గొప్పది.

వాక్చిత్రములు వచ్చిన వెంటనే ఈ పునాది చాలకపోయెను. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో విడుదలయైన తొలి తెలుగు వాక్చిత్రము 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో నిర్మితమయ్యెను. మద్రాసులో ధ్వనిగ్రహణమునకు అనువైన స్టూడియో 1934లో ఎ. నారాయణన్ నెలకొల్పువరకును, తెలుగు నటులు తమ మాటను తెరకెక్కించుటకు పరభాషల నగరములకే పయనము కట్టవలసివచ్చెను.