కోటి గెలిచిన విశాఖ విద్యార్థి: రవిమోహన్ సైనీ విజయం, ఆ తరువాతి జీవితం

2001వ సంవత్సరంలో విశాఖపట్టణం నేవల్ పబ్లిక్ స్కూలులో పదవ తరగతి చదువుతున్న పద్నాలుగేళ్ల బాలుడు ఒకడు టెలివిజన్ క్విజ్ పోటీలో పదిహేను ప్రశ్నలకు వరుసగా సరియైన సమాధానాలు చెప్పి, కోటి రూపాయల బహుమతి గెలుచుకున్నాడు. అతని పేరు రవిమోహన్ సైనీ. స్వస్థలం రాజస్థాన్‌లోని అల్వర్. తండ్రి నావికాదళ ఉద్యోగి కావడం చేత కుటుంబం విశాఖలో నివసించేది. ఆ బాలుడే తరువాత వైద్యవిద్య పూర్తిచేసి, భారత పోలీసు సర్వీసులో చేరి, 2020లో గుజరాత్‌లోని పోరుబందరు జిల్లాకు ఎస్పీగా వెళ్లారు.

దిగపహండి, బరంపురం పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు విశాఖ పరాయి ఊరు కాదు. చదువుకో, వైద్యానికో, బంధువుల ఇంటి శుభకార్యానికో బరంపురం స్టేషనులో రైలెక్కి వెళ్లివచ్చే ఊరే. గంజాం జిల్లా నుండి వేలాది కుటుంబాలు జీవనోపాధికై సూరత్ మగ్గాలకు వలస వెళ్లిన కారణంగా గుజరాత్ కూడా మనకు తెలియని రాష్ట్రం కాదు. ఈ రెండు చోట్లతోనూ ముడిపడిన సైనీ జీవితాన్ని, ఇతర విజేతల అనుభవాలను, పోటీల విషయంలో తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతులను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

పోటీ స్వరూపం

బ్రిటన్‌లో 1998 సెప్టెంబరులో మొదలైన ఒక క్విజ్ కార్యక్రమం అనేక దేశాలకు వ్యాపించింది. దాని హిందీ రూపమే 'కౌన్ బనేగా కరోడ్‌పతి'. ఇది 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా ప్రారంభమైంది. నిర్మాణ బాధ్యత వహించిన సిద్ధార్థ బసు అంతకు పూర్వమే దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' ద్వారా దేశానికి సుపరిచితులు. మొదటి విడతలోనే బాలబాలికలకు ప్రత్యేకంగా 'జూనియర్' పోటీ నిర్వహించారు. సైనీ పాల్గొన్నది అందులోనే.

నాటి నియమాలు ఈ విధంగా ఉండేవి. మొత్తం పదిహేను ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు సమాధానాలు చూపుతారు, వాటిలో ఒక్కటే సరియైనది. బహుమతి వెయ్యి రూపాయలతో మొదలై ప్రశ్న ప్రశ్నకూ పెరుగుతుంది. అభ్యర్థికి మూడు సహాయాలు లభిస్తాయి: రెండు తప్పు సమాధానాలను తొలగించడం, ప్రేక్షకుల అభిప్రాయం కోరడం, మిత్రునికి ఫోన్ చేయడం. అయిదవ ప్రశ్న దాటితే 10,000 రూపాయలు, పదవ ప్రశ్న దాటితే 3,20,000 రూపాయలు ఖాయమవుతాయి. ఆ పైన తప్పు చెప్పినవారు ఆ ఖాయమైన మొత్తానికి దిగిపోతారు.

ఇందులోని కష్టం చివరి మెట్టు వద్ద తెలుస్తుంది. పద్నాలుగు ప్రశ్నలు గెలిచినవారి చేతిలో 50 లక్షలు ఉంటాయి. అక్కడ ఆట చాలించి ఆ సొమ్ముతో ఇంటికి పోవచ్చు. సాహసించి పదిహేనవ ప్రశ్నకు సమాధానం చెప్పి తప్పితే 3,20,000 మాత్రమే మిగులుతుంది, అనగా ఒక్క మాటతో 46,80,000 రూపాయలు చేజారుతాయి. కోటి గెలిచిన ప్రతివారూ ఈ గండం దాటినవారే. తనకేమి తెలుసునో తెలియడంతో పాటు, ఎంత ఖచ్చితంగా తెలుసునో కూడా తెలిసినవారికే అది సాధ్యం. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఆ నిబ్బరం చూపడం చేతనే సైనీ పేరు దేశమంతటా మారుమ్రోగింది.

విజయం తరువాత

కీర్తి హఠాత్తుగా వచ్చిన ఇంట చదువు వెనుకబడడం తరచుగా చూస్తాము. సైనీ విషయంలో అట్లు జరుగలేదు. పాఠశాల చదువు ముగించి, జైపూర్‌లోని మహాత్మా గాంధీ వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశారు. ఆ తరువాత సివిల్ సర్వీసు పరీక్షలకు పూనుకున్నారు.

ఈ ఘట్టంలో పిల్లలకు వివరించి చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. చిన్ననాడు కోటి గెలిచిన మేధావి ఈ పరీక్షను ఒక్క ప్రయత్నంలో దాటలేదు. ఒకసారి ప్రిలిమినరీలో నెగ్గి, మెయిన్స్‌లో ఆగిపోయారు. మరొకసారి తపాలా, టెలికాం శాఖల లెక్కలు, ఆర్థిక వ్యవహారాలు చూచే కేంద్ర సర్వీసుకు ఎంపికైనారు. అక్కడితో తృప్తిపడక మళ్లీ కూర్చున్నారు. 2014లో 461వ ర్యాంకుతో ఐపీఎస్ లభించింది. గుజరాత్ కేడరులో చేరి, రాజకోటలో డీసీపీగా పనిచేసి, 2020లో పోరుబందరు ఎస్పీ అయ్యారు. అప్పటికి ఆయనకు వయస్సు ముప్పది మూడేళ్లు. గాంధీ మహాత్ముని జన్మస్థలమైన ఆ జిల్లా సుదీర్ఘమైన సముద్రతీరం కలది, భద్రత దృష్ట్యా కీలకమైనది.

క్విజ్ విజయానికీ ఐపీఎస్‌కూ నడుమ పదమూడేళ్ల ఎడం ఉన్నది. ఆ కాలమంతా సైనీ ఇతర విద్యార్థుల మాదిరిగానే పుస్తకం పట్టారు, పరీక్ష వ్రాశారు, తప్పారు, మరల వ్రాశారు. టెలివిజన్‌లో కనిపించినది ఒక్క పూట ముచ్చట. జీవితాన్ని నిలబెట్టినది ఎవరూ చూడని ఈ పదమూడేళ్ల శ్రమ.

ఇతర విజేతల దారులు

ఇదే పోటీలో 2000లో తొలిసారిగా కోటి గెలిచినవారు హర్షవర్ధన్ నవాథే. ఆయన అప్పటికి సివిల్ సర్వీసు పరీక్షలకు సిద్ధమవుతున్న యువకుడు. పార్లమెంటు సభ్యుడు కాకున్నా సభా కార్యకలాపాలలో పాల్గొనే హక్కు రాజ్యాంగం ఎవరికి ఇచ్చినదన్న ప్రశ్నకు 'అటార్నీ జనరల్' అని చెప్పి గెలిచారు. విజయానంతరం సివిల్స్ మార్గం విడిచి, బ్రిటన్‌లో ఎం.బి.ఏ. చదివి, ప్రైవేటు రంగంలో స్థిరపడ్డారు.

2011లో అయిదు కోట్లు గెలిచిన బీహారు వాసి సుశీల్ కుమార్ కథ వేరు. మోతీహారికి చెందిన ఆయన ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటరుగా స్వల్ప వేతనానికి పనిచేసేవారు. నికోబార్ దీవులపై హక్కులను 1868లో ఆంగ్లేయులకు విక్రయించిన దేశం డెన్మార్క్ అని చెప్పి అంత సొమ్ము పొందారు. 2020లో ఆయన తన అనుభవాలను తానే బహిరంగంగా వ్రాశారు. గెలిచిన తరువాతి కాలమే తన జీవితంలో చెడ్డకాలమని, దానధర్మాల పేరిట పలువురు తనను మోసగించారని, చెడు అలవాట్లకు లోనయ్యానని, సంసారంలో కలతలు వచ్చాయని దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఆ వ్యసనాలను విడిచి, సంపెంగ మొక్కలు నాటే పనికి పూనుకున్నారు. అనంతరం ఉపాధ్యాయ నియామక పరీక్షలో ఉత్తీర్ణులైనారు. పడి లేచిన మనిషిగా ఆయన గౌరవార్హులు. అయితే ఆ పతనం నుండి ప్రతి కుటుంబం నేర్చుకోవలసినది ఉన్నది.

ముగ్గురినీ పక్కపక్కన నిలిపి చూచిన యెడల ఒక విషయం స్పష్టమవుతుంది. సైనీకి సొమ్ము వచ్చినపుడు ఆయన బాలుడు, ముందు చేయవలసిన చదువు సిద్ధంగా ఉన్నది. నవాథే కూడా మళ్లీ చదువుకే పోయారు. సుశీల్ కుమార్‌కు సొమ్ము వచ్చిన వెంటనే చేతిలో ఉన్న పని పోయింది, దాని స్థానంలో మరొక నియమబద్ధమైన పని చేరలేదు. ఆ ఖాళీలోనికే అడిగేవారు, పొగిడేవారు ప్రవేశించారు.

తెలుగు వేదికపై

ఈ పోటీ తెలుగు రూపం 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014లో మా టీవీలో నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైంది. అనంతరం 2021లో జెమినీ టీవీలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' పేరిట జూనియర్ ఎన్టీఆర్ నిర్వహించారు. ఆ ఏడాది నవంబరులో తెలంగాణలోని కొత్తగూడెం ప్రాంతానికి చెందిన పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ రాజా రవీంద్ర కోటి రూపాయలు గెలిచారు. తెలుగు పోటీలో ఆ మొత్తం సాధించిన మొదటి వ్యక్తి ఆయనే. సైనీ క్విజ్ గెలిచి పోలీసు అయితే, రాజా రవీంద్ర పోలీసుగా ఉంటూ క్విజ్ గెలిచారు.

బహుమతి సొమ్ము విషయం

ప్రకటించిన మొత్తమంతా చేతికి రాదు. క్విజ్ పోటీల గెలుపుపై 30 శాతం ఆదాయపు పన్ను, దానిపై సెస్సు, పెద్ద మొత్తమైతే సర్‌చార్జి కూడా ఉంటాయి. సాధారణ ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు దీనికి వర్తించదు. నిర్వాహకులు పన్ను మినహాయించుకొనే మిగిలినది చెల్లిస్తారు. కావున గెలుపు వార్త విన్న వెంటనే ఇల్లు, పొలం బేరం పెట్టుకోరాదు.

పిల్లల గెలుపు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హిందీ కార్యక్రమంలోని బాలల పోటీలో రూపాయలకు బదులు పాయింట్లు ఇచ్చి, పద్దెనిమిదేళ్లు నిండిన పిమ్మట సొమ్ముగా మార్చే పద్ధతి పెట్టారు. 2023లో హర్యానాకు చెందిన ఎనిమిదవ తరగతి బాలుడు కోటి పాయింట్లు గెలిచినది ఈ పద్ధతిలోనే. బిడ్డ పేరిట వచ్చిన సొమ్ము బిడ్డ చదువుకు నిలవాలన్న దృష్టితో చూస్తే ఇది మంచి ఏర్పాటు.

లాటరీ పేరిట మోసాలు

ఈ కార్యక్రమం పేరు వాడుకొని సాగుతున్న మోసాలు పల్లెల వరకు వచ్చాయి. "మీ ఫోన్ నంబరుకు 25 లక్షల లాటరీ తగిలింది" అని వాట్సాప్‌లో సందేశమో, శబ్ద సందేశమో వస్తుంది. అమితాబ్ చిత్రం, బ్యాంకు ముద్ర కూడా దానిపై ఉంటాయి. సొమ్ము విడుదలకు ముందుగా పన్ను, రుసుము కట్టమంటారు. కట్టిన కొద్దీ మరికొంత అడుగుతారు. చివరకు ఫోన్ మూగబోతుంది.

గుర్తుంచుకోవలసినది ఒక్కటే. ఆ పోటీలో పాల్గొని ప్రశ్నలకు సమాధానం చెప్పనివారికి బహుమతి రాదు. ఫోన్ నంబరుకు లాటరీ అనునది లేనే లేదు. బ్యాంకు వివరాలు, ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్ము ఆపగల అవకాశం అంత ఎక్కువ. ఇంటిలోని పెద్దలకు, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న ముసలివారికి ఈ సంగతి పిల్లలే చెప్పాలి.

మన పిల్లలకు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం సీమలో అధికభాగం మద్రాసు రాజధాని నుండి విడివడి ఇందులో చేరింది. నాటి నుండి మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో ఒడియా, టెలివిజన్‌లో హిందీ, పై చదువులకు ఆంగ్లం నేర్చుకుంటూ పెరుగుతున్నారు. దీనిని భారమని తలచేవారున్నారు. విషయాలు తెలుసుకొనే బిడ్డకు మాత్రం ఇది నాలుగు ద్వారాలున్న ఇల్లు వంటిది. సివిల్ సర్వీసు ప్రిలిమినరీ ప్రశ్నపత్రం హిందీ, ఆంగ్లాలలో మాత్రమే ఉన్నా, మెయిన్స్ సమాధానాలు తెలుగులోను, ఒడియాలోను వ్రాయవచ్చునన్న సంగతి ప్రతి ఇంటా తెలియాలి.

ప్రశ్నలు దూరాన లేవు. బరంపురంలో 1894లో జన్మించి దేశానికి రాష్ట్రపతి అయినవారెవరు? వి.వి.గిరి. గంజాం జిల్లాలో అశోకుని శాసనం ఎక్కడ ఉన్నది? పురుషోత్తమపురం దాపున జౌగడ వద్ద. గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన జిల్లాలో ఏ నది ముఖద్వారానికి వస్తాయి? ఋషికుల్యకు. దిగపహండి మీదుగా పోయే దారిలో వేడినీటి బుగ్గ ఉన్న ఊరేది? తప్తపాణి. రాత్రి భోజనాల వేళ ఇట్టివి రెండు మూడు అడిగితే చాలు. బిడ్డ తప్పు చెప్పినప్పుడు కసరక, సమాధానం ఎక్కడ దొరుకుతుందో చూపండి. తెలియదు అని ధైర్యంగా చెప్పగలగడం కూడా ఈ ఆటలో ఒక విద్యే. ఆట ఎక్కడ చాలించాలో తెలిసేది దానివల్లనే.

పోటీకి పంపండి. గెలిస్తే సంతోషించి, మరునాడు ఉదయం యథావిధిగా బడికి పంపండి. ఓడితే కూడా బడికే పంపండి.