ఐదు టెస్టులు, నలుగురు కెప్టెన్లు, ఒక షోలాపూర్ వాడు

పాలీ ఉమ్రిగర్ షోలాపూర్‌లో పుట్టాడు. టెస్టుల్లో భారత్ తరఫున తొలి డబుల్ సెంచరీ హైదరాబాద్ ఫతే మైదాన్‌లో కొట్టాడు. మూడేళ్లు తిరిగాక మద్రాసులో కెప్టెన్ పదవిని వదిలేశాడు. ఓడిపోతున్న జట్టుకు నాయకుణ్ణి మార్చాలా, ఉంచాలా అనే తగాదా మన దేశంలో ఎలా నడిచిందో తెలియాలంటే ఈ మూడు ఊళ్ల కథ చదివితే చాలు.

షోలాపూర్ తూర్పు భాగం సగం తెలుగు ఊరు. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ వైపు వెళితే తెలంగాణ యాస కలిసిన తెలుగు చెవిన పడుతుంది. అక్కడి పద్మశాలీల పూర్వీకులు నిజాం ఇలాకా పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లు. 1877లో మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన పాత మిల్లు నడవడం మొదలైంది. తర్వాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు వచ్చాయి. చేమగ్గాలు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాయి. చద్దర్లు, టర్కీ తువ్వాళ్లు ఊరికి పేరు తెచ్చాయి. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల చాటల ముందు, ఇదీ చాలా ఇళ్ల లెక్క. సాంచా నడుస్తున్నంతసేపూ పక్కవాడి మాట వినపడదు. అందుకే క్రికెట్ గొడవైనా, ఎన్నికల గొడవైనా కార్ఖానా బయట చాయ్ దగ్గరే తేలాలి.

ఉమ్రిగర్ ఈ గల్లీల పిల్లవాడు కాడు. పార్సీ కుటుంబం, తండ్రిది బట్టల వ్యాపారం. పుట్టింది 1926 మార్చి 28న. అతను బడిలో ఉండగానే కుటుంబం బొంబాయి వెళ్లిపోయింది. 1948లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు యూనివర్సిటీల ఉమ్మడి జట్టు తరఫున వాళ్ల మీద 115 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ ఇన్నింగ్సే అతన్ని టెస్టుల్లోకి తెచ్చింది.

అతని కెప్టెన్సీ సంగతికి ముందు మన దేశంలో ఆ పదవి ఎలాంటిదో చూడాలి. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు వరసగా ఓడితే అభిమానులు కోచ్ ఉద్యోగం మీద పడతారు. మన దేశంలో చాలాకాలం కోచ్ అనే కుర్చీయే లేదు. జట్టుతో ఉండే మేనేజరు సామాన్లు, టిక్కెట్లు, విందులు చూసుకునేవాడు. కాబట్టి జనం కోపమంతా కెప్టెన్ నెత్తినే పడేది. అయితే అమెరికా కోచ్‌కు ఉండే అధికారంలో పావు వంతు కూడా మన కెప్టెన్‌కు ఉండేది కాదు. ఆటగాళ్లను ఎంపిక చేసేది సెలెక్టర్లు. కెప్టెన్‌ను పెట్టేదీ తీసేదీ బోర్డు పెద్దలు. ఓటమి మాత్రం కెప్టెన్‌ది.

నేతపని ఎరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. నూలు కొనేది యజమాని, పడుగు చుట్టిన భీము ఎక్కించేది ఇంకొకడు, బట్టలో తప్పు పడితే కోత నేసినవాడి కూలిలో. మిల్లుల కాలంలో ఈ జుర్మానాల మీద సమ్మెలే జరిగాయి. చివరకు 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. సంజాయిషీ అడగకుండా జుర్మానా వేయకూడదని, వేసినా రూపాయికి అర్ధణా మించకూడదని అందులో రాశారు.

సరిగ్గా ఆ 1936లోనే భారత క్రికెట్‌లో కెప్టెన్ తగాదా రచ్చకెక్కింది. అందులో రెండు పక్షాలకూ తెలుగువాళ్లే పెద్దలు. ఒకరు కఠారి కనకయ్య నాయుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగు కుటుంబం వాడు, దేశానికి తొలి టెస్టు కెప్టెన్. అసలు 1932 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ అని ప్రకటించింది పోర్‌బందర్ మహారాజును. ఆయన ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో చేసినవి మొత్తం రెండే పరుగులు. తన సంగతి తనకు తెలిసి టెస్టు నుంచి తానే తప్పుకుని నాయుడుకు దారి ఇచ్చాడు. పదవి వదలడంలో అంత మర్యాద చూపినవాళ్లు ఆ తర్వాత మన క్రికెట్‌లో అరుదు.

రెండో ఆయన విజయనగరం మహారాజకుమార్, అందరి నోటా విజ్జీ. 1936లో బోర్డులో మద్దతు కూడగట్టి ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ అయ్యాడు. నాయుడు ఆయన కింద మామూలు ఆటగాడిగా వెళ్లాడు. జట్టు రెండు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో పర్యటన మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపారు. మూడు టెస్టుల్లో రెండు పోయాయి. విజ్జీ మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. విజ్జీ కెప్టెన్సీ జట్టుకు చేటు చేసిందని 1937 జనవరిలో ఆ సంఘం తేల్చింది. ఈలోగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చేసింది.

ఇక అసలు కథ 1958–59 చలికాలంది.

జెర్రీ అలెగ్జాండర్ నాయకత్వంలో వెస్టిండీస్ ఐదు టెస్టులకు వచ్చింది. బంతి పట్టుకుంటే వెస్ హాల్, రాయ్ గిల్‌క్రిస్ట్. బ్యాటు పట్టుకుంటే సోబర్స్, కన్హాయ్. మన కెప్టెన్‌గా హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్‌ను ప్రకటించారు. అతనికీ ఉమ్రిగర్‌కూ పాత లెక్క ఉంది. 1955 నవంబరులో న్యూజిలాండ్‌పై హైదరాబాద్ టెస్టుకు గులాం అహ్మదే కెప్టెన్. ఉమ్రిగర్ 223 కొట్టింది అతని నాయకత్వంలోనే. ఆ సిరీస్‌లో రెండో టెస్టు నుంచి కెప్టెన్సీ ఉమ్రిగర్‌కు వచ్చింది, భారత్ 2–0తో గెలిచింది. మరుసటేడు ఆస్ట్రేలియా వచ్చి మూడింట్లో రెండు గెలుచుకుపోయింది. మొత్తం మీద ఉమ్రిగర్ చిట్టా ఎనిమిది టెస్టులు, రెండు గెలుపులు, రెండు ఓటములు, నాలుగు డ్రాలు. ఆ రోజుల భారత కెప్టెన్‌కు ఇది చెడ్డ చిట్టా కాదు, మంచి చిట్టాయే అనాలి.

తొలి టెస్టుకు ముందు గులాం అహ్మద్ గాయంతో తప్పుకున్నాడు. బొంబాయిలో ఉమ్రిగర్ నడిపాడు, డ్రా అయింది. రెండో టెస్టుకు గులాం అహ్మద్ తిరిగొచ్చాడు. కాన్పూర్‌లో సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్స్‌లో 102 పరుగులిచ్చి తొమ్మిది వికెట్లు తీశాడు. అయినా భారత్ 203 పరుగుల తేడాతో ఓడింది. కలకత్తాలో కన్హాయ్ 256 కొట్టాడు, వెస్టిండీస్ ఐదు వికెట్లకు 614 దగ్గర డిక్లేర్ చేసింది. భారత్ 124, 154. ఇన్నింగ్స్ మీద 336 పరుగుల ఓటమి. గులాం అహ్మద్ టెస్ట్ క్రికెట్‌కు దండం పెట్టేశాడు. 22 టెస్టులు, 68 వికెట్లు, అంతటితో సరి.

కెప్టెన్సీ మళ్లీ ఉమ్రిగర్ దగ్గరకు వచ్చింది. 1959 జనవరిలో మద్రాసు టెస్టు. విజయ్ మంజ్రేకర్ ఆడలేని స్థితి. అతని స్థానంలో బ్యాట్స్‌మన్ మనోహర్ హార్డికర్ కావాలని కెప్టెన్ అడిగాడు. బోర్డు అధ్యక్షుడు ఆర్.కె. పటేల్ అహ్మదాబాద్ ఆఫ్‌స్పిన్నర్ జసూ పటేల్‌ను తీసుకోవాల్సిందేనన్నాడు. హాల్, గిల్‌క్రిస్ట్ చేతిలో బ్యాటింగ్ రెండు టెస్టులుగా కుప్పకూలుతోంది. అలాంటప్పుడు బ్యాట్స్‌మన్ పోతే బ్యాట్స్‌మన్‌నే అడగడంలో తప్పేమీ కనిపించదు. మ్యాచ్ మొదలుకాక ముందే ఉమ్రిగర్ కెప్టెన్సీకి రాజీనామా ఇచ్చి, ఆటగాడిగా మైదానంలోకి దిగాడు. బోర్డు హడావుడిగా నలభై దాటిన వినూ మన్కడ్ చేతికి జట్టును అప్పగించింది. తమాషా ఏమిటంటే చివరకు అటు హార్డికర్‌కూ చోటు దక్కలేదు, ఇటు జసూ పటేల్‌కూ దక్కలేదు. అపూర్వ సేన్‌గుప్తా ఆడాడు, అతనికి అదే తొలి టెస్టు, అదే ఆఖరిది. ఓటమి 295 పరుగులతో.

ఢిల్లీలో ఆఖరి టెస్టుకు నాలుగో కెప్టెన్. సైన్యంలో అధికారిగా ఉన్న హేమూ అధికారిని ఒప్పించి తెచ్చారు. చందూ బోర్డే పుణ్యమా అని ఆ మ్యాచ్ డ్రా అయింది. అధికారి కూడా అంతటితో ఆపేశాడు. వేసవిలో ఇంగ్లండ్ వెళ్లడానికి దత్తాజీరావు గైక్వాడ్. అతను అస్వస్థతతో ఆగిన లార్డ్స్ టెస్టుకు పంకజ్ రాయ్. ఐదుకు ఐదు పోయాయి. కూడి చూస్తే పది టెస్టుల్లో ఆరుగురు కెప్టెన్లు, ఎనిమిది ఓటములు, రెండు డ్రాలు. నాయకుణ్ణి మారిస్తే జట్టు మారుతుందన్న వాదానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ బోర్డూ పెట్టి ఉండదు.

అలాగని మార్చడమే తప్పని చెప్పడానికి లేదు. 2008లో తొలి ఐపీఎల్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరు మీద బయల్దేరిన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున తేలింది. కెప్టెన్‌గా ఆడమ్ గిల్‌క్రిస్ట్, కోచ్‌గా డారెన్ లీమన్ వచ్చిన 2009లో అదే జట్టు కప్పు కొట్టింది. హైదరాబాద్‌దే ఇంకో జట్టు సన్‌రైజర్స్. 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 మే 1న, సీజన్ మధ్యలో, కెప్టెన్సీ నుంచి తీసేశారు. మర్నాడు తుది జట్టులోనూ చోటివ్వలేదు. తెలుగు సినిమా పాటలకు స్టెప్పులేసిన మనిషిని అలా పక్కన కూర్చోబెట్టడం మనవాళ్లకు మింగుడుపడలేదు. ఆ ఏడు సన్‌రైజర్స్ ఆఖరి స్థానంలో ఆగింది. ఒకే ఊరి రెండు జట్లు, రెండు ఫలితాలు. వాదించేవాడు తనకు నచ్చిన ఏడాదిని ఎంచుకోవచ్చు.

జనం కోపానికి హద్దు ఉండదన్నదీ చరిత్రే. 1971లో వెస్టిండీస్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ గెలిచిన అజిత్ వాడేకర్ జట్టు గౌరవార్థం ఇందోర్‌లో సిమెంటుతో పెద్ద బ్యాటు నిలబెట్టారు. 1974లో లార్డ్స్‌లో 42 పరుగులకు కుప్పకూలి సిరీస్ పోగొట్టుకోగానే దానికి నల్లరంగు పూశారు. బొంబాయిలో వాడేకర్ ఇంటిమీద రాళ్లు పడ్డాయి. కోచ్ అనే కుర్చీ గట్టిగా స్థిరపడ్డాక, 2000లో జాన్ రైట్ రాకతో మొదలై, ఆ రాళ్లలో సగం అటు తిరిగాయి. కోచ్ గ్రెగ్ చాపెల్ కాలంలో సౌరవ్ గంగూలీని పక్కనపెట్టినందుకు 2005 నవంబరులో ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు సొంత జట్టునే గేలిచేశారు. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడి తొలి దశలోనే ఇంటికి వచ్చాక చాపెల్ వెళ్లిపోయాడు.

నేతగాళ్ల పేటలకు నాయకుణ్ణి దించడం, మళ్లీ ఎక్కించడం బాగా తెలిసిన పనే. ఆడం మాస్టర్ అని ఊరంతా పిలిచే నర్సయ్య ఆడం, కమ్యూనిస్టు నాయకుడు, షోలాపూర్ నుంచి 1978లో, 1995లో, 2004లో శాసనసభకు గెలిచాడు. మధ్యలో అదే ఓటర్లు ఇంట్లో కూర్చోబెట్టారు. అక్కడ ఓటరు చేతిలో ఓటు ఉంది. క్రికెట్ అభిమాని చేతిలో ఏమీ లేదు, టిక్కెట్టు కొనడం మానడం తప్ప.

ఉమ్రిగర్ కథకు ఇంకా రెండు మలుపులు మిగిలాయి. 1959 డిసెంబరులో ఆస్ట్రేలియాపై కాన్పూర్ టెస్టు. మద్రాసులో అతను వద్దన్న జసూ పటేల్ తొలి ఇన్నింగ్స్‌లో 69 పరుగులకు తొమ్మిది, రెండో ఇన్నింగ్స్‌లో 55కు ఐదు, మొత్తం పద్నాలుగు వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా మీద భారత్‌కు అదే తొలి టెస్టు విజయం. రెండో ఇన్నింగ్స్‌లో అవతలి వైపు నుంచి 27 పరుగులకు నాలుగు వికెట్లు తీసిన బౌలర్ ఉమ్రిగరే. ఆ రోజు కెప్టెన్ రామ్‌చంద్.

రెండోది ఇంకా విచిత్రం. 1978 నుంచి 1982 దాకా ఉమ్రిగరే సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు. 1979లో వెంకటరాఘవన్ నాయకత్వంలో జట్టు ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లు మూడూ ఓడి, టెస్ట్ సిరీస్ 1–0తో వదులుకుని తిరుగు విమానం ఎక్కింది. గవాస్కర్ మళ్లీ కెప్టెన్ అయ్యాడన్న వార్త విమానంలోనే మైకులో వినిపించింది. వెంకట్ తన పదవి పోయిందని తోటి ప్రయాణికులతో పాటు విన్నాడు. మిల్లు కూలీకి 1936లో చట్టం ఇచ్చిన సంజాయిషీ హక్కు 1979లో దేశపు కెప్టెన్‌కు లేదు. తనకు జరిగినదాన్ని మరిచిపోని మనిషి ఆ కమిటీకి పెద్దగా ఉండి కూడా ఈ పద్ధతిని మార్చలేకపోయాడంటే తప్పు ఒక మనిషిది కాదు, బోర్డుది.

జసూ పటేల్ సత్తా విషయంలో ఉమ్రిగర్ అంచనా తప్పిందని కాన్పూర్ చూపించింది. పదకొండుమందిని ఎవరు నిర్ణయించాలన్న విషయంలో మాత్రం మద్రాసులో న్యాయం అతని వైపే ఉంది. 59 టెస్టులు ఆడి 3,631 పరుగులు చేసి 1962లో విరమించే నాటికి ఆ రెండూ భారత రికార్డులే. మద్రాసు తర్వాత అతనికి భారత కెప్టెన్సీ మళ్లీ దక్కలేదు.