లయ - నడక

‘లయ అంటే ఏమిటి?’ అని తరగతిలో అడిగాను. విశాఖ రేవు కళాసీ కొడుకొకడు లేచి, “నడకేనండి మేస్టారూ” అన్నాడు. గణవిభజనలో వాడికెప్పుడూ సున్నాయే.

సంస్కృతంలో లయకు మూలం ‘లీ’ ధాతువు. అంటే అంటుకోవడం, లీనమవడం. కదలిక కంటే కరిగిపోవడం అందులో ఎక్కువ. ‘రిథమ్’కు మూలమైన గ్రీకు ‘రుథ్మోస్’ అలల ప్రవాహం నుంచి పుట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు. 1951లో ఫ్రెంచి భాషావేత్త బెన్‌వెనిస్త్ ఆ కథను తోసిపుచ్చాడు. మొదట్లో దాని అర్థం కదిలేదానికుండే రూపం, అమరిక అన్నాడు. సముద్రం ఒడ్డున బతికే మాకిది కొంచెం నిరాశే!

తెలుగు మాటకు కాళ్లున్నాయి. గురజాడ 1910లో ముత్యాల సరానికి మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిని ఎన్నుకున్నాడు. యతిప్రాసల నిర్బంధం లేకపోయినా ఆ పద్యం కూలిపోలేదంటే నిలబెట్టింది నడకే. 1933లో విశాఖ రేవు తెరిచారు. మరుసటి ఏడు విశాఖవాడే అయిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ రాశాడు. పేరులోనే బయలుదేరడం ఉంది. మన ఛందోపాఠాలు మాత్రం ఇంకా గురులఘువుల లెక్క దగ్గరే కూర్చున్నాయి.

ఆ కుర్రాణ్ణి ముత్యాల సరానికి బల్లమీద దరువెయ్యమన్నాను. ఏడేసి మాత్రలూ తప్పకుండా వేశాడు. దానికి మార్కులు వెయ్యడానికి పట్టికలో గడి లేదు.