గురి ఏ చేతిది?

2000లో ప్లేస్టేషన్‌కి 'ఏలియన్ రిసరెక్షన్' అనే ఆట వచ్చింది. గేమ్‌స్పాట్ సమీక్షకుడు ఆ ఆట మొత్తంలో అన్నిటికన్నా భయంకరమైనవి కంట్రోల్సే అని తేల్చేశాడు. ఇంతకీ వాటి నేరమేమిటి? ఎడమ స్టిక్కుతో నడవాలి, కుడి స్టిక్కుతో చూడాలి. మరుసటి ఏడు ఎక్స్‌బాక్స్‌లో 'హేలో' ఇదే పద్ధతితో జనాన్ని ఊపేసింది. ఇప్పుడు కంట్రోలర్ పట్టినవాళ్లంతా దాదాపు అలాగే ఆడుతున్నారు!

మౌసుకీ మొదట్లో ఇదే గతి. 1993 నాటి 'డూమ్'లో తల ఎత్తి చూసే పనే లేదు. బాణం కీలతో నడిచి, కంట్రోల్ కీతో కాల్చేవారు. 1996లో 'క్వేక్' వచ్చి పైకీ కిందికీ గురి పెట్టమంది. కుడిచెయ్యి మౌసు మీదికి పోయింది. మరి ఎడమచెయ్యి ఎక్కడుండాలి? ఎవరికి తోచిన కీలు వాళ్లు పెట్టుకున్నారు. 1997లో థ్రెష్ అనే పేరుతో ఆడే డెనిస్ ఫాంగ్ ఒక క్వేక్ పోటీ గెలిచి, ఆ ఆట రాసిన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారునే బహుమతిగా పట్టుకుపోయాడు. అతని వేళ్లుండే చోటు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ. వాటిని కనిపెట్టింది అతను కాదు గానీ, కారు గెలిచినవాడి కీలంటే ఎవరికి చేదు? 1998లో 'హాఫ్-లైఫ్' వాటినే ముందుగా అమర్చి ఇచ్చింది.

రాజమండ్రి, కాకినాడ టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పాసైన చేతులకు ఇది అపచారమే. మాస్టారు చిటికెనవేలు పెట్టమన్న ఏ మీద ఆటగాడు ఉంగరపు వేలు పెడతాడు.

మా గోదావరి జిల్లాల్లో కంట్రోలరా, మౌసా అన్న తగువుని తీర్చింది జేబే. టీవీకి తగిలించే వీడియో గేమ్‌లో 'కాంట్రా' ఆడిన పిల్లలు, నెట్ సెంటర్లకి వచ్చి 'ఐజీఐ', 'కౌంటర్-స్ట్రైక్' పట్టారు. అక్కడున్నవి కీబోర్డూ మౌసూ. అదీ మంచికే అయింది. మౌసైతే చెయ్యి జరిగినంతే గురీ జరుగుతుంది. స్టిక్కు వంపు చెప్పేది వేగాన్ని మాత్రమే, సరిగ్గా ఎక్కడ ఆగాలో చెప్పదు. అందుకే కంట్రోలర్ పట్టినవాడికి ఆటే లోపల్నించి చెయ్యందిస్తుంది. నడకలో మాత్రం స్టిక్కుదే పైచెయ్యి: మెల్లగా, ఓరగా, ఎలాగైనా నడిపిస్తుంది.

2018లో పబ్‌జీ మొబైల్ వచ్చాక గురి బొటనవేలి పాలైంది. 2020 సెప్టెంబరులో మన దేశంలో దాన్ని నిషేధిస్తే, 2021 జులైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది. థ్రెష్ కీల అమరికను నాడు కాపీ కొట్టినట్టే, నేటి కుర్రాళ్లు సెన్సిటివిటీ కోడ్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. పోయిందల్లా నెట్ సెంటర్లో పక్క కుర్చీలోంచి వినబడే తిట్టు. చంపినవాడి మొహం అక్కడికక్కడే చూడగలిగే ఆట ముందు ఏ పరికరమైనా దిగదుడుపే.